మడమ నొప్పి సామాను రివ్యూ: స్లాంట్ బోర్డు కొనండి, స్ప్లింట్ ఆలోచించి కొనండి, ముళ్ల బంతి మీద ఆశలు వద్దు

మడమ నొప్పి అని చెబితే చాలు, విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఏ సర్జికల్ షాపులోనైనా కౌంటర్ మీద పరిచే సామాను దాదాపు ఒకటే. ఏటవాలుగా నిలబడే చెక్క స్లాంట్ బోర్డు, రాత్రి కట్టుకునే స్ప్లింట్, ముళ్ల బంతి, వేళ్ల మధ్య పెట్టుకునే సిలికాన్ ముక్కలు. అన్నీ అరికాలిని సాగదీస్తాయనే చెప్పి అమ్ముతారు. నిజానికి వాటిలో ఒక్కోటి ఒక్కో కణజాలాన్ని లాగుతుంది, ఒకటి రెండు అసలు దేన్నీ లాగవు. అందుకే ఈ రివ్యూలో ఏ వస్తువు పాదంలో ఎక్కడ పనిచేస్తుందో చూసి మార్కులు వేశాం.

మా తీర్పు ముందే చెప్పేస్తాం. వీటిలో డబ్బుకు తగ్గ పని చేసేది స్లాంట్ బోర్డు. అది కూడా షాపువాళ్లు చూపించినట్టు కాకుండా, వేళ్ల కింద తువ్వాలు చుట్ట పెట్టి వాడితేనే.

కారణం అరికాలి అమరికలో ఉంది. మడమ ఎముక అడుగున, లోపలి వైపు ఒక బొడిపె ఉంటుంది. ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ అక్కడ మొదలై, ముందుకు వెళ్తూ 5 పాయలుగా విడిపోయి, ఒక్కో పాయ ఒక్కో వేలి మొదటి ఎముకకు అతుక్కుంటుంది. అంటే అది వేళ్ల మొదటి కీళ్లను దాటి వెళ్తుంది. వేళ్లను పైకి వంచితే, బావి గిలక మీద తాడు చుట్టుకున్నట్టు ఈ పట్టీ ఆ కీళ్ల కింద ఎముక గుండ్ల మీద చుట్టుకుని బిగుస్తుంది. మడమా, పాదం ముందు భాగమూ దగ్గరికి జరుగుతాయి, పాదం వంపు పైకి లేస్తుంది. దీన్ని 1954లో హిక్స్ వివరించాడు, విండ్‌లాస్ మెకానిజం అంటారు. చూడాలంటే కుర్చీలో కూర్చుని, ఒక కాలు రెండో మోకాలి మీద వేసుకుని, బొటనవేలిని మొదట్లో పట్టుకుని మోకాలి దిగువ ముందెముక వైపు వెనక్కి లాగండి. రెండో చేతి బొటనవేలితో అరికాలి లోపలి అంచు వెంట నొక్కితే చర్మం కింద పట్టీ గట్టిగా లేచి తగులుతుంది. వేలు వదిలేయగానే మాయమవుతుంది. ఇంట్లో చేసుకోవడానికి ఇది తేలికైన పరీక్ష. ఏ పరికరం వాడినా, దాని మీద కాలు పెట్టినప్పుడు ఆ పట్టీ ఇలా లేవకపోతే ఫేషియా మీద పెద్దగా లాగుడు పడనట్టే.

అదే మడమ ఎముకకు వెనక వైపు ఎకిలిస్ టెండన్, అంటే పిక్క కండరాలను మడమకు కలిపే గట్టి తాడు, అతుక్కుని ఉంటుంది. పిక్క బిగిస్తే మడమ వెనక నుంచి పైకి లాగబడుతుంది, ముందు నుంచి ఫేషియా దాన్ని ఆపుతుంది. మామూలు నడకలోనే, మడమ లేచే సమయంలో ఫేషియా మీద పడే లాగుడు దాదాపు మనిషి బరువంత ఉంటుంది. అందుకే పిక్క బిగుసుకున్నవాళ్లకు అరికాలు నొప్పి ఎక్కువ. పిక్కలోనూ రెండు కండరాలు. పైన కనిపించే గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలి పైనుంచి మొదలవుతుంది, దాని కిందున్న సోలియస్ మోకాలి దిగువన మొదలవుతుంది. మోకాలు నిటారుగా ఉంచితే మొదటిది గట్టిగా లాగుతుంది, మోకాలు వంచితే అది వదులై లాగుడు సోలియస్‌కు మారుతుంది. చాలామంది బోర్డు మీద నిటారుగా నిలబడి దిగిపోతారు, రెండో సగం పని మిగిలిపోతుంది.

ఇక సాగడం అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. ఫేషియా రబ్బరు కాదు. 2008లో చౌధరి బృందం వేసిన గణిత నమూనా ప్రకారం ప్లాంటార్ ఫేషియాను నొక్కి 1 శాతం మార్చాలన్నా మనిషి శరీరం మీద వాడదగిన ఒత్తిడికి ఎంతో మించిన బలం కావాలి. కొన్ని వారాలు స్ట్రెచ్ చేస్తే చీలమండ ఎక్కువ వంగడం నిజమే, కానీ అందులో పెద్ద వాటా లాగుడును నరాల వ్యవస్థ ఓర్చుకోవడం నేర్చుకోవడమే. పట్టి ఉంచినప్పుడు బిగువు సడలడం మొదటి 15, 20 సెకన్లలోనే ఎక్కువగా జరుగుతుంది, వదిలేశాక చాలావరకు వెనక్కి వచ్చేస్తుంది. కాబట్టి ఒకేరోజు గంటసేపు బోర్డు మీద నిలబడినా లాభం లేదు. సరైన చోట, సరైన మోతాదులో, వారాల తరబడి లాగుడు పడాలి. "పది రోజుల్లో అరికాలు సాగుతుంది" అని ఎవరన్నా నమ్మొద్దు.

ఇప్పుడు బోర్డు సంగతి. షాపుల్లో ఉండేవి ఎక్కువగా మడత పెట్టే రకం. రెండు పలకలు, ముందు కింద కీలు, వెనక ఒక ఇనుప కడ్డీ, ఆ కడ్డీ కూర్చునే గాట్లు. కొనేముందు నాలుగు చోట్ల చూడాలి.

మొదటిది కోణం. చాలా బోర్డుల్లో అతి తక్కువ గాటే 20 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. మడమ నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది చీలమండ అసలే బిగుసుకుని ఉంటుంది, వాళ్లు 10 లేదా 15తో మొదలుపెట్టాలి. పక్కన ముద్రించిన అంకెల్ని నమ్మకుండా ఫోనులో లెవెల్ యాప్ తెరిచి పలక మీద పెట్టి చూడండి, లేదా టేపుతో కొలవండి. పలక పొడవు 35 సెంటీమీటర్లు అయితే, ఎత్తైన అంచు నేల నుంచి సుమారు 6 సెంటీమీటర్లు ఉంటే 10 డిగ్రీలు, 9 ఉంటే 15, 12 ఉంటే 20, 15కి కాస్త తక్కువ ఉంటే 25. అందులో 15 డిగ్రీల దాకానైనా దిగని బోర్డు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

రెండోది గాట్లు. కడ్డీ సగం మందం కూడా దిగని లోతు తక్కువ గాట్లు ఉంటే, బరువు కాస్త వెనక్కి పడగానే కడ్డీ లేచి పలక దబ్బున కూలుతుంది. షాపులోనే అన్నిటికంటే ఎత్తైన గాటులో పెట్టి, మోకాలితో పలక పై అంచును నొక్కి అటూ ఇటూ కదిపి చూడండి. కడ్డీ కదిలిందా, తీసి పక్కన పెట్టేయండి.

మూడోది చెక్క. చెక్క పొట్టును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక సముద్రపు గాలికి తేమ పీల్చి ఉబ్బుతుంది, ముందుగా గాట్ల దగ్గరే పొడిపొడిగా రాలుతుంది. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ వైపు ఇళ్లలో ఇది తొందరగా కనిపిస్తుంది. ప్లైవుడ్ తీసుకోండి, 12 మిల్లీమీటర్లది బరువైన మనిషి కింద వంగుతుంది, 18 అయితే నిలుస్తుంది. అంచు వైపు చూస్తే పొరలు కనిపిస్తే ప్లై, పొరలు లేకుండా అట్టలా నున్నగా ఉంటే ఎండీఎఫ్. పలక వెడల్పు కూడా 35 సెంటీమీటర్లకు తగ్గకూడదు, లేకపోతే రెండు పాదాలు తుంటి వెడల్పున పెట్టలేక దగ్గరగా ముడుచుకుని నిలబడాలి.

నాలుగోది అడుగు రబ్బరు. ఇక్కడ ఎక్కువమంది లెక్క తప్పుతారు. గోడకు ఎదురుగా నిలబడి చేతులతో గోడను నెడితే, ఆ నెట్టుడుకు సమాధానంగా పాదాలు బోర్డును వెనక్కి నెడతాయి. కాబట్టి బోర్డును గోడకు ఆనించి పెట్టినా జారేది గోడకు దూరంగా, మన వెనక వైపుకే. టైల్స్ గచ్చు మీద అడుగున రబ్బరు లేని బోర్డు ప్రమాదం. దిగువ అంచు కింద అడ్డంగా పూర్తి వెడల్పు రబ్బరు పట్టీ ఉండాలి. నాలుగు మూలల్లో గుండీల్లాంటి రబ్బరు ముక్కలు అతికించి ఇస్తే ఉక్కపోత కాలంలో జిగురు వదిలేస్తుంది, మేకులతో బిగించుకోవాలి. పై పలక మీద గరుకు కాగితం లాంటి టేపు అతికించినవి బూట్లతో నిలబడేవాళ్లకు సరే, ఉత్త కాలితో చెమట పాదాలకు చర్మం గీసుకుపోతుంది. గీతల రబ్బరు షీటు మేలు.

ఇవన్నీ కలిసి షాపులో దొరక్కపోతే వడ్రంగి చేత చేయించుకోండి. 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైలో 35 బై 35 సెంటీమీటర్ల పలక ఒకటి, దాని ఎత్తైన అంచు కింద 9 సెంటీమీటర్ల ఎత్తున నిలిపే దిమ్మ, మధ్యలో ఒక ఆధారం, అడుగున రబ్బరు. మడత పడదు, కోణం మారదు, కానీ ఎప్పటికీ కూలదు. రోజూ ఇంట్లో ఒకేచోట వాడేవాళ్లకు మేం దీన్నే ముందు చెబుతాం.

వాడకం. బోర్డును గోడ నుంచి అడుగు దూరంలో, ఎత్తైన అంచు గోడ వైపు ఉండేలా పెట్టండి. గోడ పట్టుకుని దిగువ అంచు వైపు నుంచి ఒక్కో కాలు ఎక్కించండి. పాదాలు తిన్నగా ముందుకు చూడాలి. నొప్పి ఉన్న కాలు బయటికి తిరిగిపోతుంటుంది, అది అసలు తప్పు. పాదం బయటికి తిరిగి వంపు నేలకు అణిగితే, వంగాల్సిన చీలమండ వంగకుండా దాని ముందున్న పాదం మధ్య కీళ్లు వంగుతాయి. మడమ కింద ఆనే ఉంటుంది, మోకాలు ముందుకు వచ్చినట్టే ఉంటుంది, చూసేవాళ్లకు స్ట్రెచ్ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పిక్కకు మాత్రం లాగుడు అందదు, పైగా నొప్పి ఉన్న ఫేషియా మీద వంపు కుంగిన బరువు పడుతుంది. ఎక్కే ముందు వంపు కింద చూపుడు వేలు ఎంతవరకు దూరుతుందో చూసుకోండి, బోర్డు మీద నిలబడ్డాక ఇంట్లో ఎవరినైనా మళ్లీ దూర్చి చూడమనండి. చోటు పోయిందంటే కోణం ఎక్కువైంది, లేదా వంపు కింద చిన్న గుడ్డ మడత పెట్టుకోవాలి. మోకాలి చిప్ప రెండో వేలి వైపు చూడాలి. పిరుదులు వెనక్కి పోతున్నా కోణం ఎక్కువైనట్టే, శరీరం నడుము దగ్గర వంగి చీలమండను తప్పిస్తోంది.

మోకాళ్లు నిటారుగా 30 నుంచి 45 సెకన్లు, 3 సార్లు. తర్వాత మడమ లేవకుండా మోకాళ్లు వంచి మళ్లీ అంతే. రెండోసారి లాగుడు పిక్క కింది భాగంలో, టెండన్ దగ్గర తెలియాలి. కోణం మారే బోర్డు అయితే, వారం రోజులు ఇబ్బంది లేకపోతే 5 డిగ్రీలు పెంచండి. 25 దాటి వెళ్లాల్సిన అవసరం మామూలు మనిషికి రాదు.

ఇప్పుడు తువ్వాలు. ఉత్త బోర్డు మీద నిలబడితే వేళ్లు పాదంతో ఒకే వరుసలో ఉంటాయి, గిలక తిరగదు, లాగుడంతా పిక్కకే పోతుంది. చేతి తువ్వాలును 3 సెంటీమీటర్ల మందాన గట్టిగా చుట్టి, రెండు చివర్లా రబ్బరు బ్యాండ్లు వేసి, 5 వేళ్ల కిందకు మాత్రమే వచ్చేలా బోర్డు పై వైపు పెట్టండి. వేళ్ల వెనకున్న ఉబ్బెత్తు భాగం పలకనే తాకాలి. చుట్ట వెనక్కి జరిగి ఆ ఉబ్బెత్తు కిందకు వస్తే మొత్తం పాదం పైకి లేస్తుందే తప్ప వేళ్లు వంగవు. సరిగ్గా పెట్టారో లేదో అరికాలి లోపలి అంచు తడిమితే తెలిసిపోతుంది. కోణం మారే బోర్డు అయితే, తువ్వాలు పెట్టినప్పుడు కోణం 5 డిగ్రీలు తగ్గించాలి, ఎందుకంటే లాగుడు ఒకేసారి రెండు చివర్ల నుంచి వస్తుంది.

బోర్డు ఏదైనా, దానికంటే ముందు రోజూ చేయాల్సింది ఒకటుంది, దానికి రూపాయి ఖర్చు లేదు. పొద్దున మంచం మీదే, కాలు కింద పెట్టక ముందు, పైన చెప్పిన బొటనవేలి పట్టు. వేళ్లన్నీ కలిపి వెనక్కి లాగి 10 సెకన్లు, 10 సార్లు, రోజుకు 3 విడతలు. మొత్తం 5 నిమిషాలు. 2003లో డిజియోవాని బృందం ఈ పద్ధతిని పిక్క స్ట్రెచ్‌తో పోల్చి చూసింది, 8 వారాల తర్వాత మొదటి అడుగు నొప్పి తగ్గడంలో ఇదే మెరుగ్గా తేలింది. బోర్డు కొని దీన్ని మానేస్తే పెట్టిన డబ్బు సగం వృథా.

ఎవరు బోర్డు ఎక్కకూడదో షాపులో అడగరు, కాబట్టి ఇక్కడ చెప్పాలి. నొప్పి మడమ అడుగున కాకుండా వెనక, టెండన్ ఎముకను కలిసే చోట ఉంటే స్లాంట్ బోర్డు దాన్ని పెంచుతుంది. చీలమండ లోతుగా వంగినప్పుడు టెండన్ మడమ ఎముక పై మూలకు ఒత్తుకుంటుంది, నొప్పికి కారణమే ఆ ఒత్తుడు. బొటనవేలి మొదటి కీలు అరిగి బిగుసుకున్నవాళ్లు తువ్వాలు చుట్ట పెట్టకూడదు. కాలు చురచురలాడటం, తిమ్మిరి, మంట ఉంటే అది నరం ఒత్తుకోవడం కావచ్చు, దాన్ని లాగకూడదు. మడమ సరిగ్గా మధ్యలో, గట్టి గచ్చు మీద నిలబడితే వచ్చే మొద్దు నొప్పి చాలాసార్లు మడమ కింది కొవ్వు దిండుది. దానికి స్ట్రెచ్ పనికిరాదు, ఇంట్లో కూడా మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు వేసుకోవడమే దారి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టరుకు చూపించకుండా ఇందులో ఏదీ కొనొద్దు.

నైట్ స్ప్లింట్ దగ్గరికి వద్దాం. నిద్రలో పాదం కిందికి వాలిపోతుంది, పిక్కా ఫేషియా రెండూ వదులుగా రాత్రంతా ఉండి, పొద్దున మొదటి అడుగులో ఒక్కసారిగా బరువు మీద పడుతుంది. స్ప్లింట్ పని పాదాన్ని 90 డిగ్రీల దగ్గర నిలపడం. మొదటి అడుగు నొప్పి బాగా ఉండి, నెలల తరబడి తగ్గనివాళ్లకు ఇది అర్థమున్న వస్తువు. పగలు నిలబడితే వచ్చే నొప్పికి కొనక్కర్లేదు.

రెండు ఆకారాలు. బూటులా పిక్క వెనక నుంచి అరికాలి కిందకు వచ్చేది ఒకటి, కాలి ముందు వైపు నుంచి పట్టేది ఇంకొకటి. బూటు రకంలో లోపం, లోపల మడమ జారి పైకి లేవడం. బయటి ప్లాస్టిక్ 90 డిగ్రీల్లోనే కనిపిస్తుంది, లోపల పాదం మాత్రం వాలిపోయి ఉంటుంది. పట్టీలు బిగించాక మడమ అడుగున వేలు దూర్చి చూడండి. వేలు తేలిగ్గా దూరితే చీలమండ మీద వచ్చే అడ్డ పట్టీ సరిగ్గా లేదు. వేళ్ల కింద పెట్టే స్పాంజి వెడ్జ్ (ఏటవాలు ముక్క) ఇచ్చిన డబ్బానే తీసుకోండి, అది లేకపోతే స్ప్లింట్ కూడా ఉత్త బోర్డు లాగే పిక్క పని మాత్రమే చేస్తుంది. ముందు వైపు రకం తేలిక, చెమట తక్కువ, నిద్ర పడుతుంది, కానీ వేళ్లను వంచి పట్టదు. విశాఖ ఉక్కపోతలో మొత్తం కప్పే బూటును ఏసీ లేని గదిలో రాత్రంతా ఉంచుకోవడం కష్టం. నూలు సాక్సు వేసుకుని, మొదటి వారం పడుకునే ముందు ఒకటి రెండు గంటలు మాత్రమే కట్టుకుని, తర్వాత పెంచుకోండి. లోపలి గుడ్డ విడిగా ఊడి వచ్చేదే కొనండి, వానాకాలంలో స్పాంజితో పాటు ఉతికితే ఆరదు, వాసన పడుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాం. పై పట్టీ మోకాలి బయటి వైపు, కింద తగిలే ఎముక బొడిపెను ఒత్తకూడదు. అక్కడ చర్మం కిందే వెళ్లే నరం ఒత్తుకుంటే పాదం పైకి ఎత్తడమే కష్టమవుతుంది. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. అర్ధరాత్రి బాత్రూముకు లేస్తే స్ప్లింట్ విప్పి వెళ్లండి, తడి టైల్స్ మీద ఆ ప్లాస్టిక్ జారుతుంది.

ముళ్ల బంతి గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పైన చెప్పిన 1 శాతం లెక్క ప్రకారం అది ఫేషియాను సాగదీయలేదు. నొక్కుడు వల్ల కాసేపు నొప్పి తెలియదు, ఆ కాసేపట్లో స్ట్రెచ్ చేసుకుంటే ఉపయోగం. కూర్చుని, అరికాలి వంపు మీద ఒకటి రెండు నిమిషాలు దొర్లించండి, మడమ అడుగున నొప్పి పుట్టే బిందువు మీద నిలబడి నొక్కొద్దు. చెక్క ఆక్యుప్రెషర్ రోలర్ల గట్టి మొనలు కొవ్వు దిండును కమిలిస్తాయి. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ల సీసా ఇదే పని చేస్తుంది, చల్లదనం అదనం. సిలికాన్ సెపరేటర్లు వేళ్లను విడదీసి పెట్టుకున్నంతసేపు హాయిగా ఉంటాయి. పక్కకు తిరిగిన బొటనవేలిని అవి శాశ్వతంగా తిప్పలేవు, ఇరుకు బూటులో పెట్టుకుంటే వేళ్లు ఒరుసుకుంటాయి.

5కి మార్కులు వేయాలంటే, తువ్వాలుతో వాడే 18 మిల్లీమీటర్ల ప్లై బోర్డుకు నాలుగున్నర, 20 డిగ్రీల దగ్గర మొదలయ్యే ఎండీఎఫ్ మడత బోర్డుకు 2. వెడ్జ్ ఉన్న బూటు స్ప్లింట్‌కు మూడున్నర, ముందు వైపు రకానికి 3, బంతికి ఒకటిన్నర.

నొప్పి ఉన్న రోజుల్లో ఆర్కే బీచ్ పొడి ఇసుకలో ఉత్త కాళ్ల నడక ఆపండి. మడమ దిగబడి, వేళ్లు వెనక్కి వంగి, ప్రతి అడుగుకీ ఫేషియా మీద మామూలు కంటే ఎక్కువ లాగుడు పడుతుంది. తడి ఇసుక గట్టిగానే ఉంటుంది కానీ సముద్రం వైపు వాలుగా ఉండటంతో రెండు పాదాలు రెండు రకాలుగా వాలతాయి. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ నడవాలనుకునేవాళ్లు తొలిపావంచా (కొండ దిగువ తొలిమెట్టు) దగ్గర బయల్దేరే ముందు వారం బోర్డు కొంటే ఫలితం ఉండదు. 32 కిలోమీటర్ల తారు రోడ్డుకు పిక్కా ఫేషియా తయారు కావాలంటే కనీసం 8 నుంచి 12 వారాల ముందు మొదలుపెట్టాలి. అందులో రెండో సగం స్ట్రెచ్ నుంచి బరువు పనికి మారాలి. మెట్టు అంచున నిలబడి, వేళ్ల కింద అదే తువ్వాలు చుట్ట పెట్టి, ఒంటికాలి మీద 3 సెకన్లలో మడమ లేపి, 2 సెకన్లు ఆపి, 3 సెకన్లలో దించడం, రోజు విడిచి రోజు. 2015లో రాత్‌లెఫ్ బృందం పరీక్షించింది ఈ పద్ధతినే, 3 నెలల దగ్గర ఫేషియా స్ట్రెచ్ కంటే మంచి ఫలితం వచ్చింది. 12 సార్లు లేపగలిగాక పుస్తకాలు వేసిన బ్యాగు భుజానికి తగిలించుకుని బరువు పెంచుకోవచ్చు.

మర్నాడు పొద్దున మొదటి అడుగు నొప్పి ముందు రోజు కంటే పెరిగితే కోణమో బరువో ఎక్కువైనట్టు, ఒక మెట్టు దిగండి. ఇదంతా 3 నెలలు సక్రమంగా చేసినా తగ్గకపోతే ఇంకో పరికరం కొనొద్దు, ఆర్థోపెడిక్ డాక్టరును కలిసి అల్ట్రాసౌండ్‌లో ఫేషియా మందం చూపించుకోండి. అది 4 మిల్లీమీటర్లు దాటి ఉందా లేదా అన్నది ఆయన తర్వాతి నిర్ణయానికి పనికొస్తుంది. ఎక్స్‌రేలో మడమకు ముల్లు పెరిగిందని భయపడి ఆపరేషన్ గురించి అడగక్కర్లేదు, ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా ఆ ముల్లు కనిపిస్తూనే ఉంటుంది.